గుండ్లక్క వాకిట్లో మన్ను

పోయిన వారం సముద్రం ఒడ్డు పాలెం నుంచి ఒకాయన వచ్చి, పాడైపోయిన బ్యాటరీ ఏదన్నా ఉంటే ఇమ్మన్నాడు. వలకి గుండ్లు పోసుకోవాలట. లేవన్నాను. కొట్టు వెనక రేకుల షెడ్డు తలుపు తీసే ఉంది, లోపల వరసగా పేర్చినవి ఆయనకి కనపడుతూనే ఉన్నాయి. అవేంటి మరి అన్నాడు. అవి కంపెనీకి తిరిగి పోయేవి, లారీ వస్తుంది, ఎవరికీ ఇవ్వనన్నాను.

"గుండ్లక్కకైతే ఇచ్చేవాడివి గదన్నా," అన్నాడాయన.

మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదది. అయినా నేను బజారంతా వినపడేటట్టు కేకలేశాను. ఆయన బిత్తరపోయి బండెక్కి వెళ్ళిపోయాడు. ఎదురుగా టీకొట్లో కూర్చున్నవాళ్ళు నాకేమైందోనని లేచి చూశారు. ఏమైందో చెప్పాలంటే ఆమె గురించి చెప్పాలి. అది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నాది విడవలూరులో బ్యాటరీల కొట్టు. ఇళ్ళలో ఇన్వర్టర్లకి, ఆటోలకి, ట్రాక్టర్లకి, రొయ్యల గుంటల దగ్గర జనరేటర్లకి, వేటకి పోయే బోట్లకి అన్నిటికీ నేనే బిగిస్తాను. కొత్తది బిగించిన ప్రతిసారీ పాతది ఒకటి మిగులుతుంది. దానికి తోడు కాలిపోయిన యూపీఎస్‌లు, స్టెబిలైజర్లు, టీవీ బోర్డులు, చిక్కుపడిన ఛార్జర్లు. కొత్తదాన్ని భద్రంగా పట్టుకుపోయేవాళ్ళు పాతదాని వైపు తిరిగి కూడా చూడరు. నేనూ చూసేవాణ్ణి కాదు. షెడ్డు ఖాళీ అయితే చాలు, ఎవరు మోసుకుపోయినా దండం పెట్టేవాణ్ణి. అట్లా మోసుకుపోయే మనిషి ఆమె.

ఆమెకి పేరుంది. ఆస్పత్రి చీటీ మీద మొదటిసారి చూశాను. పాలెంలో ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు, అందరికీ ఆమె గుండ్లక్కే. నేను అక్కా అనేవాణ్ణి. భర్త పోయి, బోటులో వాటా పోయాక, వలల అడుగున కట్టే సీసం గుండ్లు పోసి ఇవ్వడం మొదలుపెట్టింది. వల నీళ్ళలో నిలబడాలంటే కింద ఆ బరువుండాలి. చుట్టుపక్కల నాలుగైదు పాలేల వలలు ఆమె గుండ్లతోనే మునిగేవి.

వారానికోసారి షేరాటో దిగి, తలకి చుట్టకుదురు పెట్టుకుంటూనే కొట్లోకి వచ్చేది. పొట్టి మనిషి, నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనపడేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. నీ కుర్చీకంటే నేలే మెత్తగుండాదని వెక్కిరించి, గడప పక్కన చతికిలబడేది. కూర్చున్నాక తొందరపడేది కాదు. ఒక్కో పాత బ్యాటరీ దగ్గరికి జరిగి, వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, పుచ్చకాయ ఎంచుకున్నట్టు ఎంచుకునేది. నచ్చినదాని మీద అరచేయి వేసి, "ఊపిరి పోయిందేగాని బరువు పోలేదబ్బయ్యా దీనికి," అనేది. ప్రతివారం ఇదే మాట, అదేదో అప్పుడే తోచినట్టు.

వచ్చినప్పుడల్లా సంచిలో ఎండు నెత్తళ్ళో, వంజరం ముక్కలో ఉండేవి. నేను వద్దంటే వినేది కాదు. మా ఆవిడ చేసే పులుసుని ఒకసారి రుచి చూసి, ఇంత మంచి చేపని చింతపండులో ముంచి చంపినావే తల్లీ అని అందరిముందూ అనేసింది. మా ఆవిడ నాలుగు రోజులు అలిగి, అయిదోరోజు పులుసు ఎట్లా పెట్టాలో ఆమెనే అడిగింది. ఆమెతో అలగడం కుదిరేది కాదు.

ఒకసారి నేనే వ్యానులో బ్యాటరీలు వేసుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. సర్వి చెట్ల తోపు దాటగానే ఇసకదోవ పక్కన చిన్న ఇల్లు, ఇంటికి పదింతల వాకిలి. ఆ వాకిట్లోనే పని. గొడ్డలి తిరగేసి బ్యాటరీ పెట్టె పగలగొట్టేది. లోపలి యాసిడ్‌ని అక్కడే ఇసకలోకి ఒంపేది. అది చిటపటమని ఇంకిపోయేది. పలకలు ఊడబెరికి, ఇనప మూకుట్లో వేసి, ఎండు సర్వి పుల్లలతో మంట పెట్టేది. సీసం కరిగి అద్దంలాగా తేటగా అయ్యాక, పైన తేలిన బూడిదని గరిటెతో తీసి పక్కకి విసిరేది. తర్వాత మట్టి అచ్చుల్లో పోత. ఆ పొగకి నాకు కళ్ళు మండి, గొంతు పట్టుకుంది. ఆమె ముక్కుకి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. చల్లారిన గుండు ఒకటి తీసి, పళ్ళ మధ్య పెట్టి కొరికి, నాలుకతో రుచి చూసి తలాడించింది. మంచి సీసమైతే తియ్యగా తగలాలట.

అప్పుడు నేను నవ్వాను. మిఠాయికొట్టు పెట్టుకోవాల్సింది అక్కా అన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమెకి ఒక్కతే కూతురు. సూళ్లూరుపేట దగ్గర ఏదో కంపెనీలో పని చేస్తూ అక్కడే గది తీసుకుని ఉండేది. అల్లుడు నిలకడ లేనివాడు, ఆ కథ వద్దు. కూతురికి ఆడపిల్ల పుడితే అక్క ఆ పిల్లని తన దగ్గరే పెట్టుకుంది. మొలతాడు కట్టే రోజు నన్నూ పిలిచింది. ఆ పాలెంలో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డకి మొలతాడు కట్టేటప్పుడు, ఇంటి వలలోంచి ఒక గుండు తీసి ఆ తాడుకి గుచ్చుతారు. గాలికి బిడ్డ కొట్టుకుపోకుండా, అల లాక్కుపోకుండా, నేలని పట్టుకుని ఉండాలని. పూర్వం వలలకి కాల్చిన మట్టి గుండ్లే ఉండేవి, బిడ్డలకీ అవే కట్టేవాళ్ళు. వలలకి సీసం వచ్చాక బిడ్డల మొలకీ సీసమే వచ్చింది. దాన్ని గురించి ఎవరూ ఆలోచించలేదు. గుండు గుండే కదా.

ఆరోజు ఆమె మనవరాలి కోసం ప్రత్యేకంగా పోసిన చిన్న గుండుని అందరికీ తిప్పి చూపించింది. చింతగింజంత ఉంది, వెండిలా మెరుస్తోంది. "నాకు కట్టింది మట్టిది. నీ బ్యాటరీల పుణ్యమా అని నా మనవరాలికి మెరిసేది దొరికినాది," అంది నాతో. నేను గొప్పగా తలూపాను. బిడ్డ చేతిలో యాభై రూపాయల నోటు పెట్టి, కడుపునిండా తిని వచ్చాను.

పళ్ళొచ్చే వయసులో ఆ పిల్ల చిగుళ్ళ దురదకి ఆ గుండునే నోట్లో పెట్టుకునేదట. పాకడం వాకిట్లో. ఆడుకోవడం ఆ ఇసకలో. అమ్మమ్మ గుండ్లు పోస్తుంటే పక్కనే కూర్చుని, చల్లారినవాటిని వరసలు పెట్టేది. వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. చూడముచ్చటగా ఉండేది.

నాలుగేళ్ళు దాటినా పిల్లకి మాటలు రాలేదు. అవ్వ, బువ్వ, ఇంకో రెండు మూడు, అంతే. పాలిపోయింది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. అక్క తాయెత్తు కట్టించింది, మంత్రం వేయించింది, వాము నీళ్ళు తాగించింది. ఒకరోజు ఫిట్స్ వచ్చాయి. కూతురు పరుగున వచ్చింది. నేను వ్యాను తీసి ముగ్గురినీ నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

అక్కడ చూసిన డాక్టరమ్మ చిన్న వయసుది, కంగారు లేని మనిషి. పొట్ట నొక్కి చూద్దామని గౌను పైకెత్తి, మొలతాడు గుండు దగ్గర ఆగిపోయింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, గోటితో గీకి చూసింది. ఇదేంటని అడిగింది.

"నేను పోసిందేనమ్మా," అంది అక్క. మురిపెంగా అంది.

డాక్టరమ్మ కత్తెర తెప్పించి ఆ దారం తెంపింది. ఇంట్లో ఏం పని చేస్తారు, ఎక్కడ చేస్తారు, నీళ్ళెక్కడివి అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. రక్తం తీసి చెన్నైకి పంపించారు. వారం తర్వాత రిపోర్టు నా ఫోనుకే వచ్చింది, వాళ్ళ దగ్గర అలాంటి ఫోను లేదు గనక. వాళ్ళతోపాటు మళ్ళీ వెళ్ళాను. పిల్ల రక్తంలో సీసం ఉండకూడనంత ఉందని, ఒంట్లోంచి కొంత మందులతో తగ్గించవచ్చని, బుర్రకి జరిగిన నష్టం మాత్రం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చని చెప్పింది డాక్టరమ్మ. అన్నిటికంటే ముందు ఆ వాకిట్లోకి పిల్లని పోనివ్వొద్దంది. ఆ మట్టంతా సీసమేనంది.

కూతురు బయటికొచ్చాక తల్లితో ఒక్క మాట చెప్పింది, ఆ వాకిలి బాగుపడేదాకా బిడ్డని తీసుకురానని. పిల్లని చంకనేసుకుని సూళ్లూరుపేట బస్సెక్కింది. అక్క బస్టాండులో బస్సు వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. నేను వ్యాను దగ్గరికి రమ్మంటే, ఇంకాసేపు ఉందామంది.

మరుసటి రోజే కొట్టుకి వచ్చింది. ఎప్పటిలాగే గడప పక్కన కూర్చుంది. నేను అమ్ముతున్న కొత్త బ్యాటరీ ఒకటి ముందుకి లాక్కుని, దాని మీద అంటించిన కాగితం మీద వేలు పెట్టింది.

"ఇందులో ఏం రాసుంది చదవబ్బయ్యా."

చదివాను. ఇందులో సీసం ఉందని, పిల్లలకి అందకుండా ఉంచాలని, పగలగొట్టవద్దని, పాతదాన్ని అమ్మిన కొట్టుకే తిరిగి ఇవ్వాలని. కొట్టుదారుడు దాన్ని కంపెనీకి పంపాలని. చదువు రానివాళ్ళకి తెలిసేటట్టు చెత్తబుట్ట బొమ్మ వేసి దానిమీద అడ్డగీత కూడా కొట్టి ఉంది.

"ఇది నీకు ముందే తెలుసా?"

"చదివినా అక్కా. పట్టించుకోలా," అన్నాను.

కంపెనీ లారీ కోసం కాచుకోవడం, కాగితాలు రాయడం, సంతకాలు పెట్టడం నాకు బద్ధకం. ఆమె వచ్చి మోసుకుపోతుంటే సుళువుగా ఉండేది. ఇదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

ఆమె ఆ కాగితాన్ని చేత్తో నిమిరి, "నాకు చదువు రాదు గదా. నువ్వు చదివి చెప్పుంటే సరిపోయేది," అంది.

అంతే. అందులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. ఉన్న సంగతి చెప్పింది.

ఆ రోజు నుంచి మూకుడు పొయ్యెక్కలేదు. మిగిలిన బ్యాటరీలన్నీ నా షెడ్డుకి తిరిగొచ్చాయి, నేను కంపెనీకి ఫోను చేసి లారీ రప్పించాను. ఆమె మాత్రం బంకమట్టి తెచ్చి, మట్టి గుండ్లు చేసి కాల్చింది. వాటిని కొంగులో పోసుకుని, కత్తెర పట్టుకుని పాలెంలో ఇల్లిల్లూ తిరిగింది. మొలకి సీసం గుండున్న ప్రతి బిడ్డ దగ్గరా కూర్చుని, ఇది తీసి ఇది కట్టుకోండని బతిమాలింది. మొలతాడు గుండు తెంపడమంటే అక్కడ అరిష్టం. కొందరు తలుపేసుకున్నారు. ఒకామె, నీ బిడ్డకి ఎట్టనో అయితే మా బిడ్డల మీద పడతావా అంది. అక్క ఆ ఇంటికి మళ్ళీ మర్నాడు వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. చివరికి ఆమె విసుగెత్తి తెంపుకోమంది.

అన్నీ అయ్యాక వాకిలి పనిలో పడింది. పార పుచ్చుకుని, పైన జానెడు మన్ను తీసి గోతాల్లో నింపింది. ఎంత లోతు తీస్తే సరిపోద్ది అని నన్నడిగింది. నాకేం తెలుసు. డాక్టరమ్మని అడిగితే మట్టి పరీక్ష చేయించమంది. నెల్లూరులో వెతికితే, పైరుకి ఏ ఎరువు వెయ్యాలో చెప్పేవాళ్ళున్నారు గాని సీసం సంగతి మాకు తెలీదన్నారు. మళ్ళీ చెన్నైకే మన్ను పొట్లం కట్టి పంపాను. ఇంకా ఉందని వచ్చింది. ఆమె ఇంకో మూరెడు తవ్వింది.

ఆ గోతాలు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో గోల. కంపెనీ లారీవాళ్ళు బ్యాటరీలైతే తీసుకుంటాం, మన్ను మా పని కాదన్నారు. తెలిసిన పెద్దమనిషి ఒకాయన, దానికింత ఆలోచన ఎందుకు, కాలవ గట్టున పోసెయ్యమన్నాడు. "ఆ కాలవలో దిగే బిడ్డలు ఎవురి బిడ్డలు?" అంది అక్క. గోతాలన్నీ ఇంటి వెనక పేర్చి, పైన తార్పాలిన్ కప్పి, చుట్టూ ముళ్ళకంప వేసింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటిని తీసుకునే మనిషిని నేనింకా కనుక్కోలేదు.

అప్పటికే ఆమె కాళ్ళు వాచాయి, మొహం నీరుపట్టింది. చేతులు వణికేవి. నీ రక్తం కూడా చూపించుకోక్కా అంటే, చూసి ఏం చేస్తారు, ముసిలిదాన్ని మళ్ళీ పిల్లని చేస్తారా అని నవ్వేసింది. తవ్వేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే మాత్రం కట్టుకుంది. కూలికి మనుషుల్ని పెడతానంటే ఒప్పుకోలేదు. వాళ్ళకీ పిల్లలుంటారు కదా అంది.

రెండోసారి కూడా పొట్లం పంపాను. ఆ తర్వాత ప్రతివారం కొట్టుకి వచ్చి ఒకే మాట అడిగేది, కాయితం వచ్చిందా అబ్బయ్యా అని. ఇంకా రాలేదక్కా అనేవాణ్ణి. వస్తే చెప్పు, పిల్ల బళ్ళో చేరకముందే ఒకసారి తీసుకురమ్మంటా అనేది. ఫోనులో కూతురితో మాట్లాడేటప్పుడు పిల్ల చెవి దగ్గర పెట్టమనేదట. పిల్ల అవ్వ అనేదట. అది నాకు రెండు మూడుసార్లు చెప్పింది.

నిజానికి రెండో కాగితం వచ్చేసింది. మొదటిదానికంటే తక్కువే, అయినా పిల్ల ఆడుకోదగ్గ మన్ను కాదని స్పష్టంగా రాసుంది. యాసిడ్ ఏళ్ళ తరబడి ఇంకి ఎంత లోతుకి దిగిందో ఎవరికి తెలుసు. ఆ కాగితాన్ని ఫోనులోనే పెట్టుకుని మూడు వారాలు రాలేదని చెప్పాను. చెబితే ఆ వాచిన కాళ్ళతో ఇంకో మూరెడు దిగుతుందని నా భయం. అబద్ధం చెబితే ఆగుతుందనుకున్నాను. ఆమె ఆగలేదు. కాగితం వచ్చేలోపు ఊరికే కూర్చోవడమెందుకని తవ్వుతూనే ఉంది.

ఒక పొద్దున పాలెం నుంచి ఫోను వచ్చింది. పక్కింటామె నీళ్ళకి పోతూ చూసిందట. వాకిట్లో, మోకాటి లోతు గుంటలో, సగం నిండిన గోతం పక్కన పడి ఉందట, అప్పటికే ఊపిరి లేదట. నేను వెళ్ళేసరికి అరుగు మీద చాపేసి పడుకోబెట్టారు. మొహానికి కట్టుకున్న గుడ్డ ఎవరో విప్పి తల కింద పెట్టారు.

మధ్యాహ్నానికి కూతురు వచ్చింది. ఆటో దోవ మీదే ఆగింది. పిల్లని చంకనెత్తుకుని దిగి, వాకిలి అంచు దగ్గర నిలబడిపోయింది. పిల్లకి ఆరేళ్ళు వస్తున్నాయి, ఎత్తుకునే వయసు కాదు, కాళ్ళు తల్లి మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. ఆడవాళ్ళు రామ్మా లోపలికి, మీ అమ్మనట్టా పెట్టుకుని బయట నిలబడతావా అని పిలుస్తున్నారు. ఒకరిద్దరు నోరు నొక్కుకున్నారు. ఆ అమ్మాయి కదలలేదు. పిల్ల అరుగు మీద పడుకున్న మనిషిని గుర్తుపట్టింది. అవ్వ, అవ్వ అంటూ దిగడానికి గింజుకోవడం మొదలుపెట్టింది.

ఆస్పత్రి రోజు తర్వాత ఆ అమ్మాయి నాతో మాట్లాడలేదు. నాతో మాట్లాడకపోవడం న్యాయమే. ఇప్పుడు జనంలో నన్ను వెతికి పట్టుకుని చూసింది.

"మామా, అమ్మ కాయితం కోసం చూస్తా ఉండానని చెప్పినాది. వచ్చిందా? బిడ్డని దించొచ్చా?"

అందరూ నా వైపు తిరిగారు. ఆ గుంట అంచున నిలబడి, జేబులో ఫోను మీద చెయ్యేసి, ఆమె అన్నిసార్లు అడిగినా నేను చెప్పలేకపోయిన మాట ఆమె కూతురికి చెప్పాను.

"వచ్చిందమ్మా," అన్నాను. "ఎత్తుకునే పో లోపలికి. కింద దించబాక."